లాంజ్‌లో ఏలీయా కలిపిన టీ

బందరులో విస్కీ పోసిచ్చేవాళ్లు చాలామంది ఉండేవారు. విస్కీ కలిపి ఇచ్చినవాడు మాత్రం నాకు తెలిసి ఏలీయా ఒక్కడే.

కోనేరు సెంటర్‌కి దగ్గర్లో ఒక పక్క సందులో ఆ హోటల్ ఉండేది. కింద భోజనాలు, పైన లాడ్జి గదులు, మధ్య అంతస్తులో లాంజ్. ఇప్పుడు ఆ లాంజ్ ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు నడుస్తోంది. సందులోకి తెరుచుకునే ఆకుపచ్చ అద్దాల కిటికీలు తీసేసి గోడ కట్టేశారు. ఎప్పుడైనా అటు వెళ్తే నా కళ్లు ముందు ఆ గోడ మీదకే పోతాయి. మూడున్నర, నాలుగు గంటలప్పుడు ఆ అద్దాల్లోంచి వెలుతురు పడి లాంజ్ అంతా చెరువు నీళ్ల లేత రంగులో ఉండేది. అందులో కప్పులూ సాసర్లూ తగులుతున్న చప్పుడు. ఆ చప్పుడు మా ఊరికి కొత్త.

హోటల్ కట్టించింది గుడివాడ రైసు మిల్లు మధుసూదనరావు గారు. ఆయన ఒకసారి మద్రాసు వెళ్లినప్పుడు ఎవరో పెద్ద హోటల్‌కి తీసుకెళ్లారట. మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, సాయంత్రం విస్కీలో ఏవేవో కలిపి ఇచ్చారట. మర్నాడు మధ్యాహ్నం అదే కుర్చీలో మూడంతస్తుల స్టాండు మీద తినేవి పేర్చి టీ ఇచ్చారట. తిరిగొచ్చాక ఆయనకి ఆ రెండూ బందరులో ఉండాలనిపించింది. రొయ్యల చెరువుల మీద డబ్బు ఆడుతున్న రోజులవి. తినే జనం ఉన్నారు, తాగే జనం ఉన్నారు, కూర్చునే చోటే లేదని ఆయన లెక్క.

ఏలీయాది బంటుమిల్లి దగ్గర పల్లె. తండ్రి తోమాసు సారా తాగి తాగి ఏలీయా చిన్నతనంలోనే పోయాడు. తల్లి భాగ్యమ్మ నాట్లకి వెళ్తూ, ఆ తర్వాత మిషన్ హాస్టల్లో వంట చేస్తూ పెంచింది. పదో తరగతి తర్వాత ఏలీయా విశాఖపట్నంలో ఒక హోటల్‌కి ప్లేట్లు కడగడానికి వెళ్లాడు. కడుగుతూ కడుగుతూ బార్ కౌంటర్ దాకా చేరాడు. అక్కడి పాత బార్‌మన్ చేతులు చూస్తూ పని పట్టుకున్నాడు. మధుసూదనరావు గారు లాంజ్ తెరిచే వేళకి ఎవరో చెబితే ఇటు వచ్చాడు.

ఆ హోటల్లో ఏసీలు, ఫ్రిజ్‌లు చూసేది నేను. మాది గిలకలదిండి. వేటకి వెళ్లే కుటుంబమే అయినా నేను ఐస్ ఫ్యాక్టరీలో పని నేర్చుకుని ఫ్రిజ్‌ల వైపు వచ్చాను. ఏలీయా నాకు పరిచయమైంది కూడా ఐస్ దగ్గరే. లాంజ్ తెరిచిన మొదటి వారం హార్బర్ నుంచి గోనెసంచిలో ఐస్ దిమ్మ తెప్పించారు. అతను ఒక ముక్క కొట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“కాంతారావు బావా, ఇది వేస్తే విస్కీలో సొర చేప ఈదుతుంది” అన్నాడు.

బావా అని పిలవడం అప్పుడే మొదలుపెట్టాడు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు.

“చేపల కోసం చేసిన ఐసు చేప వాసనే వస్తుంది మరి. గులాబీ వాసన కావాలంటే ఎలా?” అన్నాను.

“గులాబీ వొద్దు. ఏ వాసనా వొద్దు. నీళ్లలా కనపడాలి, గాజులా ఉండాలి. చేసిపెట్టగలవా?”

ఆ ప్రశ్న నాకు నచ్చింది. రొయ్యలు ఎగుమతికి ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టె కొత్తది ఒకటి తెచ్చాను. నీళ్లు రెండుసార్లు మరగబెట్టి, చల్లార్చి, అందులో పోసి, మూత పెట్టకుండా డీప్ ఫ్రీజర్‌లో ఉంచాం. అలా ఉంచితే పై నుంచి కిందకి మెల్లగా గడ్డ కడుతుంది. గాలి బుడగలూ మడ్డీ అడుక్కి దిగిపోతాయి. అడుగు తెల్లగా ఉన్న భాగం రంపంతో కోసి పారేస్తే పైది అద్దం ముక్కలా మిగులుతుంది. మొదటి ముక్క చేతికి రాగానే ఏలీయా దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని అందులోంచి సందులో వెళ్తున్న రిక్షాని చూశాడు.

“చక్రం పుల్లలు కనపడుతున్నాయి బావా” అన్నాడు.

అతను కలిపే విస్కీల్లో నేను ఎక్కువగా చూసింది ఒకటి. విస్కీ, నిమ్మరసం, తాటిబెల్లం పాకం, కోడిగుడ్డు తెల్లసొన. స్టీలు డబ్బాలో వేసి మూత బిగించి భుజం పక్కన ఊపేవాడు. ముందు గలగలమని, తర్వాత మెత్తగా చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు మారడాన్ని బట్టి ఆపేవాడు, గడియారం చూసి కాదు. గ్లాసులో వంచితే పైన పాల నురగ లాంటిది తేలేది. కమలాపండు తొక్క చిన్న ముక్క కోసి నురగ మీద మడిచి నొక్కితే సన్నటి తుంపర పడేది. తను మాత్రం చుక్క కూడా ఎన్నడూ నోట్లో వేసుకోలేదు. ఎంత కలిపినా వాసన చూసి చెప్పేవాడు.

బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులున్న యుగంధర్ అనే ఆయన రోజూ వచ్చేవాడు. మొదటిసారి ఆ గ్లాసు చూసి ఉలిక్కిపడ్డాడు.

“ఏమయ్యా ఏలీయా, విస్కీలో కోడిగుడ్డా? ఆమ్లెట్ విడిగా ఇవ్వాలి గానీ ఇందులో కొట్టేశావేంటి?”

“ఒక గుక్క తాగి చెప్పండి సార్.”

“నిమ్మకాయ కూడా పిండావు. జ్వరం వచ్చినోడికి ఇచ్చేదానిలా ఉంది.” తాగాడు. మూతి మీది నురగ తుడుచుకున్నాడు. “ఇంకోటి కొట్టు. ఈసారి గుడ్డు దండిగా వెయ్యి.”

“గుడ్డు దండిగా వేస్తే ఆమ్లెట్టే అవుతుందండి.”

అలా అవనిగడ్డ నుంచి, కైకలూరు నుంచి, గుడివాడ నుంచి జనం ఆ మేడ ఎక్కేవారు. సగం మంది సోడా విస్కీయే అడిగేవారు. అయినా ఏలీయా ఎవరినీ తక్కువ చేయలేదు. సోడా విస్కీకి కూడా గ్లాసు ముందు ఐస్‌లో చల్లబరిచి, తుడిచి, అప్పుడు పోసేవాడు.

అతనికి ఒక్కటే వెలితి. అమ్మ ఆ మేడ ఎక్కదు.

భాగ్యమ్మ గారు బందరు వస్తే హోటల్ గేటు దాకా వచ్చి బయటే నిలబడేది. ఏలీయా కిందకి దిగి వచ్చేవాడు. సంచిలోంచి ఉప్పుచేపో, చింతకాయ పచ్చడో తీసి ఇచ్చేది. ఇంటి సంగతులు చెప్పేది. హోటల్లో మంచినీళ్లు కూడా పుచ్చుకునేది కాదు, సీసాతో తెచ్చుకునేది. తాగుడు వల్ల మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి కదా, ఆ పట్టుదల మాకందరికీ అర్థమయ్యేది. సారా వద్దని ఆడవాళ్లు ఊళ్లల్లో తిరగబడ్డ రోజుల్లో ఆమె వాళ్ల పల్లె నుంచి ముందు నడిచింది కూడా.

“ఇంట్లో నా చేతి టీ తాగుతుంది బావా” అనేవాడు ఏలీయా. “ఇక్కడ మాత్రం రాదు. నేనేం పని చేస్తానో, ఎలా చేస్తానో ఆమె చూడలేదు. ఒక్కసారి పైకొచ్చి, ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, నేను చేసింది ఏదైనా సరే ఒక్కటి తాగితే చాలు.”

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

తొంభై ఐదు మొదట్లో మద్యనిషేధం వచ్చింది. లాంజ్‌లో సీసాలు ఖాళీ అయ్యాయి. అద్దాల అరల్లో ఏమీ లేకుండా చూస్తే పళ్లూడిన నోరులా ఉంది. చెరువుల్లో రొయ్యలకి తెగులు తగిలి యుగంధర్ లాంటివాళ్లు రావడం కూడా తగ్గింది. లాంజ్‌ని చీరల కొట్టుకి అద్దెకిచ్చేస్తానని మధుసూదనరావు గారు అన్నారు.

“మద్రాసులో మీరు మధ్యాహ్నం టీ తాగారు కదండీ” అన్నాడు ఏలీయా. “అది మనం మొదలుపెట్టనే లేదు.”

“టీకి మేడెక్కుతారా ఎవరైనా? సందు మొగలో బండి మీద దొరుకుతుంటే?”

“ఎక్కిస్తానండి.”

మూడంతస్తుల స్టాండు ఎక్కడా దొరకలేదు. చిలకలపూడిలో గిల్టు నగలు చేసే ఒకాయన చేత చేయించాం. ఆయన అలవాటుకొద్దీ దాని మీద లతలూ నెమళ్లూ చెక్కి బంగారు పూత పూసిచ్చాడు. పెళ్లికూతురి వడ్డాణంలా మెరిసిపోయింది. దాని మీద కింద అరలో కీరదోస ముక్కలు పెట్టిన బ్రెడ్డు, మధ్యలో జీడిపప్పు పకోడీ, పైన సన్నగా కోసిన బందరు హల్వా. పింగాణీ కప్పులూ సాసర్లూ ఒకే రకం, ఒకే రంగు, అంచున సన్నటి నీలిగీత ఉన్నవి తెప్పించాడు.

టీ దగ్గర కూడా విస్కీ దగ్గర పడ్డంత శ్రమా పడ్డాడు. మా వైపు గేదె పాలు చిక్కన. వాటిలో టీ రుచి మునిగిపోతోందని పాలు పలచన చేసి చూశాడు, పలచన చేస్తే జనం ఒప్పుకోలేదు. చివరికి ఆకు వేరేగా, పొడి వేరేగా మరిగించి రెండూ కలిపి, పాలు ఆఖర్న పోశాడు. అల్లం దంచి వేయకుండా రసం పిండి వేశాడు. కప్పులు వేడినీళ్లలో ఉంచి, తుడిచి, అప్పుడు పోసేవాడు. విస్కీ రోజుల్లో చల్లబరిచిన చేతులే ఇప్పుడు వేడి చేస్తున్నాయి.

ముందు కాలేజీ లెక్చరర్లు వచ్చారు. తర్వాత బ్యాంకులో పనిచేసే సునీత గారు భర్తతో వచ్చింది. ఆవిడ తర్వాత వారం ఇద్దరు స్నేహితురాళ్లతో వచ్చింది. ఆడవాళ్లు ఆడవాళ్లే ఒక హోటల్ మేడ మీద కూర్చుని, ఎవరూ లేవమనకుండా గంటసేపు కబుర్లు చెప్పుకోవడం బందరులో నేను మొదటిసారి చూసింది అక్కడే. చిలకలపూడి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ స్టాండు చూసి, “ఇది మా మరిది చేతిపనే” అని అందరికీ చెప్పి మరీ హల్వా తీసుకుంది.

ఇక అమ్మకి రావడానికి అడ్డేముందని ఏలీయా అనుకున్నాడు. చుక్క మందు లేదు. కానీ అడిగినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి చెప్పేది. నాట్లు అనేది, మోకాలు అనేది, చర్చిలో స్త్రీల కూటం అనేది. అలా రెండేళ్లు గడిచిపోయాయి.

తొంభై ఏడులో నిషేధం సడలిస్తారని మాట పుట్టింది. మధుసూదనరావు గారు అద్దాల అరలకి కొత్త బల్బులు పెట్టించారు. మధ్యాహ్నం టీ, సాయంత్రం మందు, మద్రాసులో చూసినట్టే రెండూ నడుపుదామన్నారు.

ఏలీయా ఆ సాయంత్రం నా దగ్గరకొచ్చాడు. “బావా, సీసాలు అరల్లోకి ఎక్కితే అమ్మ ఈ జన్మలో ఇక్కడికి రాదు. ఈ లోపలే తీసుకురావాలి.”

ఈసారి పట్టుబట్టాడు. బందరు చర్చిలో స్త్రీల కూటం ఉన్నరోజు చూసి, అది అయ్యాక ఒక్క పది నిమిషాలు రమ్మన్నాడు. ఆమె సరే అంది. సరే అన్న దగ్గర నుంచి ఏలీయా కాళ్లు నేల మీద లేవు. అమ్మకి మామూలు టీ ఇవ్వడు. ఇంట్లో రోజూ తాగేదే కదా. తనకి బాగా చేతనైన పని చల్లటి పానీయం కలపడం. విస్కీ లేకుండా, విస్కీకి పడ్డ శ్రమ అంతా పడి, అమ్మ కోసం ఒకటి తయారు చేయాలి.

వారం రోజులు అదే పని. టీ చల్లారాక చేదెక్కుతోందని వేడిగా కాకుండా చల్లటి నీళ్లలో ఆకు నానబెట్టాడు. తాటిబెల్లం పాకం, నిమ్మరసం, అల్లం రసం. నేను థర్మాకోల్ పెట్టెలో ఐస్ చేసిపెట్టాను. గ్లాసు కూడా ఎంచాడు. విశాఖపట్నంలో పాత బార్‌మన్ అతనికి వచ్చేటప్పుడు ఇచ్చిన చెక్కుడు గాజు గ్లాసు. అరచేతికి బరువుగా ఉండేది. లాంజ్‌లో ఎంత పెద్దవాళ్లొచ్చినా దాన్ని తీసేవాడు కాదు.

ఆమె వచ్చింది. తెల్లచీర, చేతిలో గొడుగు, సంచిలో బైబిలూ నీళ్ల సీసా. మెట్లెక్కి గుమ్మంలో ఆగింది. ఏసీలో గ్యాస్ చూస్తున్నానన్న వంకతో నేనూ అక్కడే ఉన్నాను. లాంజ్ నిండుగా ఉంది. సునీత గారు వాళ్లు ఒక బల్ల దగ్గర, లెక్చరర్లు ఇద్దరు మరో దగ్గర. ఏలీయా ఆమెను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. గది అంతా ఒకసారి చూసింది. మెల్లగా వెనక్కి జరిగి సరిగ్గా కూర్చుంది. సునీత గారు నవ్వితే తనూ నవ్వింది.

అప్పుడు ఏలీయా కౌంటర్ వెనక నుంచి వచ్చాడు. ట్రే మీద ఒక్క గ్లాసు. తేనె రంగు టీ, అందులో కంటికి కనపడని ఐస్, అంచున కమలా తొక్క. తెల్ల గుడ్డ మడిచి బల్ల మీద వేసి, దాని మీద గ్లాసు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

ఆమె గ్లాసుని చూసింది. పక్క బల్ల చూసింది. దాని అవతలి బల్ల చూసింది. మొహంలో వెలుగు పోయింది. చేతులు ఒళ్లోంచి పైకి రాలేదు.

“నేను నీళ్లు తెచ్చుకున్నాలే నాయనా.”

“అమ్మా, ఇది టీయే. మందు వాసన కూడా తగల్లేదు. ప్రమాణం.”

“టీ అని తెలుసు. నాకు ముక్కు లేదా?” లేచి గొడుగు తీసుకుంది. “బస్సు వేళయింది. ఎల్లొస్తా.”

“ఒక్క గుక్కమ్మా.”

“ఎల్లొస్తానన్నాగా.”

మెట్లు దిగిపోయింది. ఏలీయా కదల్లేదు. నావైపు చూశాడంతే. నేను ఆమె వెనకాలే దిగి, స్కూటర్ తీసి, బస్టాండులో దింపుతానన్నాను. వద్దంది. నడుస్తానంది. స్కూటర్ అక్కడే వదిలేసి నేనూ నడిచాను.

“వాడు వారం నుంచి నిద్రపోకుండా చేశాడు అత్తా” అన్నాను. “మందు గ్లాసని అనుకున్నారేమో. అది…”

“మందు గ్లాసయితే నాకేం? కడిగితే పోద్ది.”

“మరి?”

పళ్ల బండ్ల దగ్గరకొచ్చాక ఆగి, గొడుగు చేయి మార్చుకుంది.

“మా ఊరి సెంటర్లో టీ హోటలుండేది. ఊళ్లో వాళ్లొస్తే కప్పూ సాసరూ. మా పేటోళ్లం వెళ్తే, బయట చూరులో గాజు గ్లాసులు దోపుంటాయి, అవి తీసుకోవాలి. పై నుంచి పోస్తాడు. వీడు నా చంకలో ఉండగా కూడా అదే. ఒకరోజు ఆ గ్లాసులో సాలెపురుగుంది. అది దులిపి పోయించుకోమన్నాడు. పోయించుకోలేదు. ఆరోజు నుంచి హోటలనేదాంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు నాయనా. మందొకటి వంక దొరికింది, అదే చెప్పుకుంటా వచ్చాను.”

ఇద్దరం మళ్లీ నడక మొదలుపెట్టాం.

“ఇవాళ ఆ గదిలో కూర్చుంటే బానే అనిపించింది” అంది. “అందరి ముందూ ఒకటే కప్పులు. నాకూ అదే వస్తదనుకున్నా. గ్లాసొచ్చింది.”

“అది వాడి దగ్గరున్న అన్నింట్లోకీ మంచి గ్లాసు అత్తా. ఎవరికీ ఇవ్వడు.”

“అయ్యుంటది. నా మనసుకి ఆ మాట చెప్పి చూశాను, వినలా.”

“ఏలీయాకి ఇదంతా తెలీదా?”

“తెలవకేం? చూస్తానే పెరిగాడు. మర్చిపోయాడు. మర్చిపోవడం మంచిదే. నాకే చేతకాట్లేదు.” బస్టాండు చేరేసరికి బస్సు వచ్చింది. ఎక్కుతూ, “వాడికి చెప్పమాక” అంది.

నేను చెప్పాను. చెప్పకుండా ఉంటే అతను తన పనిలోనే ఏదో లోపముందని వెతుక్కుంటూ ఉండేవాడు. ఏలీయా కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని విన్నాడు. ఐస్ కరిగి గ్లాసులో టీ రంగు పలచబడింది.

“చూరులో గ్లాసులు నేనే తీసిచ్చేవాణ్ణి బావా” అన్నాడు. “అమ్మకి అందేవి కావు. నన్ను ఎత్తుకుంటే నేను లాగేవాణ్ణి. ఆట అనుకునేవాణ్ణి.”

ఆ వేసవిలో సీసాలు మళ్లీ అరలెక్కాయి. యుగంధర్ చెరువులన్నీ అమ్మేసి ఒక్కటి ఉంచుకున్నాడట. అయినా మొదటి సాయంత్రమే వచ్చి కోడిగుడ్డు విస్కీ కొట్టమన్నాడు. లాంజ్ నిండింది. స్టీలు డబ్బా చప్పుడు మళ్లీ మొదలైంది. ఏలీయా చెయ్యి ఏమీ తప్పలేదు. మాట మాత్రం తగ్గింది.

మధ్యాహ్నం టీలో ఒక మార్పు చేశాడు. మధుసూదనరావు గారు వస్తే ఆయన వెండి గ్లాసులో టీ ఇచ్చే అలవాటు ఉండేది. ఒకరోజు నీలిగీత కప్పులో తెచ్చాడు.

“నా గ్లాసేదయ్యా?”

“మధ్యాహ్నం పూట అందరికీ ఈ కప్పేనండి.”

“హోటల్ నాదా, నీదా?”

“మీదేనండి. టీ నాది.”

ఆయన కాసేపు కప్పు వైపు చూసి, గొణుక్కుని, తాగారు. ఆ తర్వాత వెండి గ్లాసు అడగలేదు. పెద్ద అధికారి ఎవరో వస్తున్నారని ఒకసారి కొత్త సెట్టు తీయమన్నారు గానీ ఏలీయా అది కూడా తీయలేదు.

తర్వాత ఒక ఆదివారం బంటుమిల్లిలో ఫ్రిజ్ పని ఉండి నేను వెళ్తుంటే ఏలీయా కూడా బయల్దేరాడు. భాగ్యమ్మ గారు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

“బారు తెరిచారంటగా?” అంది కొడుకుతో.

“తెరిచారమ్మా.”

“మరి ఏం మొహం పెట్టుకుని వచ్చావు?”

“టీకి పిలవడానికి.”

చేట పక్కన పెట్టింది. నావైపు ఒక చూపు చూసింది. చెప్పొద్దంటే చెప్పానని అర్థమైపోయింది. నేను బావి వైపు చూశాను.

“సీసాలు అక్కడే ఉంటాయా?”

“అరల్లో ఉంటాయి. ఏడింటి దాకా ముట్టుకోం.”

“నాకోసం ఏం చేస్తావు?”

“ఏం చెయ్యను. అందరికీ ఏది చేస్తానో అదే.”

ఆమె మళ్లీ చేట అందుకుని ఏరడం మొదలుపెట్టింది. వస్తాననలేదు, రాననలేదు. “ఉండండి, అన్నం తినెళ్లండి” అంది.

అప్పటి నుంచి నేను ఆ హోటల్‌కి పనున్నా లేకపోయినా వెళ్తుండేవాణ్ణి. వర్షాకాలం వచ్చింది. నాట్లు అయిపోయాయి. సీసాలకి అడ్డంగా పరదా వేయిద్దామా అని మధుసూదనరావు గారే అడిగారు. ఆయనకీ సంగతి తెలిసిపోయింది. ఏలీయా వద్దన్నాడు. “అక్కడున్నాయని ఆమెకి తెలుసండి. దాస్తే ఇంకా కోపం వస్తుంది.”

ఇంకా చాలా ఏళ్లు ఆ లాంజ్ నడిచింది. మధుసూదనరావు గారు పోయాక వాళ్ల వాళ్లు భవనం అమ్మేశారు. ఏలీయా బంటుమిల్లి వెళ్లి చర్చి పెళ్లిళ్లకి టీ, టిఫిన్ ఒప్పుకుంటున్నాడు. నన్ను ఇప్పటికీ బావా అనే పిలుస్తాడు. ఆ లాంజ్ తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం ఆ వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం.

ముసురు పట్టి ఉంది. కరెంటు పోయి వచ్చింది. ఆ గొడుగు గుమ్మంలో మూస్తున్న చప్పుడయ్యేదాకా ఎవరొచ్చారో మేం చూడలేదు. ఈసారి ఏలీయా ఎదురెళ్లలేదు. ఎక్కడ కూర్చోమనీ చెప్పలేదు. ఆమె అటూ ఇటూ చూసి, అరల్లో సీసాల మీదుగా కళ్లు తిప్పి, సునీత గారి బల్ల దగ్గర ఖాళీ కుర్చీ చూసి, “ఇక్కడెవరైనా ఉన్నారా అమ్మా?” అని అడిగింది.

“లేరండి, కూర్చోండి.”

కాసేపటికి ఏలీయా ట్రే తెచ్చాడు. ట్రే నిండా కప్పులు. లెక్చరర్ల బల్ల దగ్గర ఆగాడు, వాళ్లు తీసుకున్నారు. మధుసూదనరావు గారి దగ్గర ఆగాడు, ఆయన తీసుకున్నారు. సునీత గారి బల్ల దగ్గరకొచ్చి ట్రే వంచి పట్టుకున్నాడు. ఆవిడ ఒకటి తీసుకుంది. భాగ్యమ్మ గారు ట్రేలో మిగిలినవాటి మీదుగా చెయ్యి ఆడించి, తనకి నచ్చిన కప్పు తానే తీసుకుంది. ఏలీయా ఏమీ అనకుండా పక్క బల్లకి వెళ్లిపోయాడు. అతని మెడ మీద చెమట నాకు కనపడింది.

కౌంటర్ వెనక్కి వెళ్లి ఒక గ్లాసు తీసి తుడవడం మొదలుపెట్టాడు. వీపు ఇటువైపు. తిరిగి చూడలేదు. నేను చూస్తున్నాను.

“మీదే ఊరండి?” అంటోంది సునీత గారు.

“బంటుమిల్లి పక్కన. వానకి బస్సు దారిలో ఆగిపోయి గంట కూర్చోబెట్టాడు. కండక్టర్ని అడిగితే, నేనేమైనా వరుణదేవుణ్ణా అంటాడు.” సాసరులోకి కొంచెం ఒంపుకుని ఊదింది. తాగింది. “మా హాస్టల్లో పిల్లలకి పెట్టేదాన్ని టీ, అండా నిండా. అందులో అల్లం ఎక్కడిది, బెల్లం ముక్క పడితే గొప్ప.” మళ్లీ ఒంపుకుంది. బస్సు సంగతి నుంచి నాట్ల కూలీ మీదకి, అక్కడి నుంచి సునీత గారి చీర రంగు మీదకి మాట పోయింది. తాగుతున్నానన్న ధ్యాస కూడా లేదు ఆమెకి.

“బావా” అన్నాడు ఏలీయా మెల్లగా, తిరక్కుండానే. “ఏం చేస్తోంది?”

“మాట్లాడుతోంది.”

“కప్పు?”

“సగం పైనే అయింది.”

గ్లాసు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

వాన తెరిపిచ్చింది. భాగ్యమ్మ గారు లేచింది. లేస్తూ ఖాళీ కప్పూ సాసరూ కూడా చేతిలోకి తీసుకుని, నీళ్లెక్కడున్నాయా అని గది చుట్టూ చూసింది. వాళ్ల ఊరి హోటల్లో పేటవాళ్లు తాగిన గ్లాసు వాళ్లే కడగాలి.

“అక్కడే పెట్టేయండి పిన్నిగారూ” అంది సునీత గారు, తన కప్పు బల్ల మీద పక్కకి జరుపుతూ. “వాళ్లు తీస్తారు.”

భాగ్యమ్మ గారు ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత కప్పుని సునీత గారి కప్పు పక్కనే పెట్టి, గొడుగు తీసుకుని, కౌంటర్ వైపు ఒకసారి చూసి, “అల్లం కాస్త ఎక్కువైందిరా” అని చెప్పి మెట్లు దిగింది.